డెల్ఫీనా పాతరొట్టెల వేట

ఆ ఏడు గానుగ దగ్గర నల్లగింజ గట్టుమీది ఇంటికి వచ్చింది. ఒరెస్తె టోపీలో చెయ్యి పెట్టి తీసిన గింజను అందరికీ చూపిస్తుంటే, వెనక నిలబడ్డ అతని పెళ్ళాం డెల్ఫీనా ఎగిరి గంతేసినంత పని చేసింది. కాసాల్వెర్దె పల్లెకంతా ఆలివ్ కాయలు ఆడించే గానుగ ఒక్కటే. ఎవరి వంతు ఎప్పుడో టోపీలో గింజలే తేలుస్తాయి. నల్లగింజ తీసినవాళ్ళది ఆఖరి వంతు. ఆఖరి నూనె దిగిన ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు పల్లె మొత్తానికి గానుగలోనే రిబొల్లీతా పెట్టాలి, దాని మీద కొత్త నూనె ధారగా పొయ్యాలి. ఏడాదంతా ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునే జనం ఆ ఒక్క పూట ఒకే కుండలోది తింటారు.

రిబొల్లీతా అంటే ఏ జమీందార్లు తినే వంటకమో అనుకునేరు. ఎండిన రొట్టె, తెల్లచిక్కుడు గింజలు, మంచు తగిలిన నల్లాకు అనే ముదురు క్యాబేజీ ఆకు, క్యారెట్లు, దుంపలు, ఉల్లిపాయ. ఇవాళ వండి రేపు మళ్ళీ మరగబెట్టాలి, అంతే. కానీ ఒక ఆడమనిషికి జన్మంతా పోని పేరు తగిలించడానికి ఆ కుండ చాలు. ఈ పల్లెవాళ్ళు అప్పు మర్చిపోతారు, దెబ్బ మర్చిపోతారు, చెడిన వంట మాత్రం మనవల దాకా చెప్పుకుంటారు.

ఆ సంగతి డెల్ఫీనాకి బాగా తెలుసు. ఆమె కొండకి అవతలి పిల్ల. అక్కడ రొట్టె పిండిలో ఉప్పు వేస్తారు, మట్టిపెనం మీద పల్చగా కాల్చుకుని వేడివేడిగా తినేస్తారు. యుద్ధం అయ్యాక ఒరెస్తెని చేసుకుని ఇవతలికొచ్చింది. అత్తగారింట్లో మొదటి భోజనంలోనే పాపం అమాయకంగా, "ఉప్పు వెయ్యడం మర్చిపోయినట్టున్నారు అత్తయ్యా," అనేసింది. ఈ వైపు రొట్టెలో ఉప్పు వెయ్యరని ఆ పిల్లకెవరు చెప్పారు? బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ దవడలు ఆగిపోయాయి. ఆ సాయంత్రానికే ఊళ్ళో ఆమె పేరు ఉప్పుపిల్ల అయింది. ఇద్దరు పిల్లల తల్లయినా ఆ పేరు పోలేదు.

ఇక అత్తగారు జెలిండా. పొలం ఫ్లోరెన్సులో ఉండే దొరది, పంటలో సగం ఆయన పట్టుకుపోతాడు, కానీ గడప లోపలికి వస్తే రాజ్యం జెలిండాది. రొట్టెల పెట్టె తాళంచెవి ఆమె మొలకి వేలాడుతూ ఉంటుంది. వారం వారం పిండి పిసికేది డెల్ఫీనా, పొయ్యిలో పెట్టేది డెల్ఫీనా, రొట్టెలు పెట్టెలోకి వెళ్ళాక మాత్రం తాళం తిరిగేది జెలిండా చేతిలో. తన పిల్లాడు ఆకలేసి ఏడ్చినా, "అత్తయ్యా, ఒక ముక్క," అని అడగాల్సిందే. అలా అడిగినప్పుడల్లా డెల్ఫీనాకి కడుపులో మండేది. ఆ తాళంచెవి కోసం ఆమె ఎంత ఆశపడిందో బంగారు గొలుసు కోసం కూడా అంత పడలేదు.

ఆ ఏడు జెలిండా నిచ్చెనెక్కి ఆలివ్ కాయలు దూస్తూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. వంటింటి మీది గదిలో మంచం ఎక్కింది. శుక్రవారం పొద్దున్న కోడల్ని పైకి పిలిచి మొలతాడు విప్పింది.

"ఈ మూడు రోజులకేనే. ఆదివారం కుండ అడుగు కనపడిందా, ఇది నీ దగ్గరే ఉంచుకో. మిగిలిందా, తెచ్చి నా మొలకి కట్టు."

"అలాగే అత్తయ్యా," అంది డెల్ఫీనా. మెట్లు దిగిందో దూకిందో ఆమెకే తెలియదు.

ఆ సంబరంలోనే కొంప ముంచుకుంది. తాళంచెవి మొలకి కట్టుకుని పెట్టె తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. చూడ్డానికి ఎవరూ లేరే అని బెంగ పడుతుండగా మఠం స్వామి సెరఫీనో గాడిదని తోలుకుంటూ భిక్షకి వచ్చాడు. డెల్ఫీనా దర్జాగా పెట్టె మూత ఎత్తింది. వారం రోజులుగా ఎండుతున్న పాత రొట్టెలన్నీ తీసి ఆయన జోలెలో పడేసింది. స్వామి దీవించాడు. గాడిద కూడా దీవించినట్టే చూసింది.

శనివారం పొద్దున్న చిక్కుళ్ళు నిప్పుల పక్కన మెల్లగా ఉడుకుతున్నాయి. నల్లాకు మీద రాత్రి పడిన మంచు ఇంకా కరగలేదు. కొత్త రొట్టెలు అప్పుడే పొయ్యిలోంచి దిగాయి. డెల్ఫీనా పాడుకుంటూ క్యారెట్లు తరుగుతుంటే ఒరెస్తె గానుగ నుంచి వచ్చాడు, మోచేతుల దాకా నూనె.

"పాతరొట్టె కోశావా?"

"పాతదెందుకు? పల్లెంతా వచ్చి తింటుంటే రాళ్ళలాంటి రొట్టె వేస్తామా? ఉన్నదంతా నిన్న స్వామికిచ్చేశా. ఈ కొత్తవి వేస్తా. మెత్తగా వెన్నలా ఉంటుంది."

ఒరెస్తె కుర్చీలో కూలబడ్డాడు. "మెత్తగానే ఉంటుంది. మిగిలినదాంతో గోడకి కాగితాలంటించుకోవచ్చు."

"అదేం మాట?"

"కొత్తరొట్టె రసం పీల్చదే. కరిగి జిగురైపోతుంది. వాగుపక్క ఇంటోళ్ళ నాయనమ్మ ఒకసారి అలాగే చేసింది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో నేనెరగను. ఇప్పటికీ వాళ్ళని జిగురింటోళ్ళనే అంటారు."

డెల్ఫీనా చేతిలో కత్తి ఆగిపోయింది. "నాకెవరు చెప్పారు? రొట్టె వేసే వేళకి మీ అమ్మ ప్రతిసారీ కోళ్ళు చూసి రమ్మని నన్ను పంపించేస్తుందిగా. పిసినారితనం కొద్దీ పాతది వేస్తుందనుకున్నా."

"పోనీ పొయ్యిలో పెట్టి ఎండబెడితే?" అన్నాడు ఒరెస్తె.

"పెచ్చు ఎండుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మీ అమ్మ మొదటి ముద్దకే పట్టేస్తుంది."

పైనుంచి కర్రతో నేలచెక్కల మీద టకటకా కొట్టిన చప్పుడు. జెలిండా గొంతు చెక్కల సందుల్లోంచి దిగింది. "పాట ఆగిందేం? ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా. మీ అబ్బాయి కూర్చున్నాడు."

"పనివేళ కూర్చోడమేంటి? లెమ్మను."

ఒరెస్తె లేచాడు. డెల్ఫీనా అప్పటికే శాలువా భుజాన వేసుకుని గుమ్మం దాటింది. స్వామి దగ్గరికి పోదామా అంటే మఠం రెండు కొండల అవతల. పైగా ఇచ్చిన దానం వెనక్కి అడిగితే ఉప్పుపిల్ల అనే పేరే నయమనిపించే పేరు ఇంకోటి పెడతారు. చీకటి పడేలోగా రొట్టె కుండలో పడాలి, రాత్రంతా నానాలి, అప్పుడుగాని రేపు తిరగ మరగబెట్టడానికి పనికిరాదు. ఇల్లిల్లూ తిరగడం ఒక్కటే దారి.

ముందు వాగుపక్క ఇంటికి, అదే ఆ జిగురింటికి వెళ్ళింది. అస్సుంతా పొయ్యి ముందు చెమటలు కక్కుతూ రొట్టెలు తీస్తోంది.

"వదినా, పాతరొట్టెలేమన్నా ఉన్నాయా? కోళ్ళకి," అంది డెల్ఫీనా. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"పాతరొట్టా? మా ఇంట్లోనా?" అస్సుంతా నడుం మీద చెయ్యి వేసుకుంది. "మేమెప్పటివప్పుడు తినేస్తామమ్మా. కావాలంటే కొత్తది పట్టుకెళ్ళు."

ఆ మాట అంటున్నప్పుడే బల్ల మీద గుడ్డ కింద నుంచి ఎండిపోయిన రొట్టె మూపు ఒకటి ఇంతెత్తున కనపడుతోంది. అస్సుంతా ఆ వైపు జరిగి వీపుతో దాన్ని కప్పేసింది. డెల్ఫీనా చూడనట్టు చూసింది.

తర్వాత రోజీనా ఇల్లు. అక్కడా అదే మాట, అదే కొత్తరొట్టె. మూడో ఇంట్లో, "కోళ్ళకి రొట్టె వేసేంత కలిగినవాళ్ళయ్యారా గట్టుమీదివాళ్ళు?" అని పుల్లవిరుపు. ప్రతి ఇంట్లోనూ పాతరొట్టె ఉంది. శనివారం నాటికి ఏ ఇంటి పెట్టె అడుగునైనా ఉంటుంది. అయినా పరాయి మనిషి ముందు ఒప్పుకోవడానికి నామోషీ. మేం వారం కిందటి రొట్టె తింటున్నాం అని ఎవరు చెప్పుకుంటారు? కొత్తరొట్టెల బరువుతో డెల్ఫీనా బుట్ట నిండిపోయింది. కావాల్సింది మాత్రం పెచ్చంత కూడా దొరకలేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఇంకొక్క ఇల్లుంది. గట్టుమీది ఇంటికి సరిగ్గా ఎదురుగా, దారికి అవతల. అది ఆర్జియాది, జెలిండా సొంత చెల్లెలు. అక్కచెల్లెళ్ళకి యుద్ధం నాటినుంచి మాటల్లేవు. సైన్యాలు కొండెక్కి వస్తున్నాయని పల్లెంతా అడవిలోకి పారిపోయినప్పుడు, ఆర్జియా తమ తల్లి ఇచ్చిన పులిముద్దని, అంటే రొట్టెపిండికి తోడు వేసే ముద్దని, పసిబిడ్డలా ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళింది. నీ వాటా ముద్ద నువ్వూ తీసుకో అక్కా అని మొత్తుకుంది కూడా. జెలిండా వినలేదు. తిరిగి వచ్చేసరికి జెలిండా ముద్ద బూజు పట్టి చచ్చిపోయింది. "అమ్మని చంపేశావు," అంది ఆర్జియా, కోపంలో. అంతే. జెలిండా వేరే ఊరి నుంచి ముద్ద తెచ్చుకుందిగాని ఎదురింటి గడప తొక్కలేదు. ఆ ఇంటి నుంచి నిప్పు కూడా తేకూడదని డెల్ఫీనాకి పెళ్ళినాడే చెప్పేశారు. అందుకని ఆ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, తలొంచుకుని గానుగకి నడిచింది.

గానుగలో రాయి గడగడమంటూ తిరుగుతోంది. లోపలంతా పచ్చినూనె ఘాటు. మగవాళ్ళకి అన్నం తెచ్చిన ఆడవాళ్ళు గోడవార కూర్చుని కబుర్లాడుతున్నారు. అస్సుంతా, రోజీనా అప్పటికే అక్కడికి చేరారు. ఆ మూల ఆర్జియా ఒక్కతే కూర్చుని ఉంది. గానుగ నడిపే బాల్దో డెల్ఫీనాని చూసి, "ఏం ఉప్పుపిల్లా, కోళ్ళు కడుపునిండా తిన్నాయా?" అన్నాడు. అందరూ కిసుక్కున నవ్వారు. అప్పుడే ఊరంతా పాకేసిందన్నమాట.

ఆ నవ్వుతో డెల్ఫీనాకి ఎక్కడో తెగింది. బుట్ట నేలకేసి కొట్టినట్టు దించింది.

"కోళ్ళకి కాదు. అబద్ధమాడాను. రేపటి కుండకి. మా పాతరొట్టెంతా స్వామికి దానం చేశా. కొత్తది వేస్తే గొప్పగా ఉంటుందనుకున్నా. నేను కొండవతలి దాన్ని, నాకు తెలీదు, మా అత్తయ్య నేర్పలేదు. మీ ఇళ్ళల్లో ఉంటే ఇవ్వండి. లేదంటే రేపు అందరూ కూర్చుని జిగురు తినండి, తిని నన్ను తిట్టండి. నేనింక తిరగలేను."

డెల్ఫీనా చెవులు కాలిపోతున్నాయి. ముందుగా బాల్దో నవ్వాడు, పొట్ట పట్టుకుని. తర్వాత అందరూ. నవ్వు చల్లారుతుండగా మూలనుంచి ఒక గొంతు వచ్చింది.

"ఎంత గట్టిది కావాలే?" ఆర్జియా.

డెల్ఫీనా అటు తిరిగింది.

"మా ఇంట్లో ఉంది. బల్లకేసి కొడితే బల్ల విరుగుతుంది," అంది ఆర్జియా లేస్తూ.

అస్సుంతాకి రోషమొచ్చింది. "అదేం గట్టి? మా రొట్టెకి మొన్న కత్తి పిడి ఊడింది."

"మీరెప్పటివప్పుడు తినేస్తారుగా వదినా?" అంది డెల్ఫీనా.

"తింటాం, తింటాం. ఒకటి మిగిలింది."

"మా ఆయన మాదాన్ని తలుపు దగ్గర అడ్డం పెడతాడు, గాలికి కొట్టుకోకుండా," అంది రోజీనా.

ఇక చూడాలి ఆ సందడి. గంట క్రితం పాతరొట్టె పేరెత్తితే ముఖం తిప్పుకున్న ఆడవాళ్ళు మాది గట్టిదంటే మాది గట్టిదని పోట్లాడుకుంటూ ఇళ్ళకి పరిగెత్తారు. శాలువాల్లో, ఒళ్ళో, గంపల్లో రొట్టెలు పెట్టుకుని గట్టెక్కి వస్తున్నారు. ఒకావిడ తన రొట్టెని గుమ్మానికేసి కొట్టి, "విను, ఎలా మోగుతోందో," అంది. వంటింటి బల్ల మీద పాతరొట్టెలు గుట్ట పడ్డాయి. ఏ రాజు పట్టాభిషేకానికైనా ఇంత హడావిడి జరిగి ఉంటుందా అనిపించింది ఆమెకి.

అందరూ వెళ్ళాక పెరటి గుమ్మం దగ్గర ఆర్జియా వచ్చి నిలబడింది. చేతిలో గుడ్డలో చుట్టిన పెద్ద రొట్టె. గడప లోపలికి కాలు పెట్టలేదు.

"తీసుకో. ఎవరిచ్చారో మీ అత్తకి చెప్పకు. చెప్తే కుండ బోర్లించేస్తుంది."

"చెప్పను చిన్నత్తయ్యా," అంది డెల్ఫీనా. ఆ రొట్టె చేతుల్లోకి తీసుకుంటే భయమేసింది. ఇది వేస్తే తాళంచెవి పోవచ్చు. వెయ్యకపోతే కుండ నిండదు. అయినా కుండ కోసం కాదు, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ముఖం చూసి వేసింది.

పైనుంచి కర్ర. "ఏంటే ఆ అలికిడి? ఊరంతా మనింట్లోనే ఉందా?"

"రేపటి కోసం ఇప్పటినుంచే ఆకలేస్తోందంట అత్తయ్యా."

ఒరెస్తె పక్కన నిలబడి చెప్తుంటే డెల్ఫీనా చేసింది. ఉల్లిపాయ నూనెలో మగ్గాక క్యారెట్లూ దుంపలూ, ఆ తర్వాత చేత్తో చింపిన నల్లాకు. చిక్కుళ్ళు సగం మెదిపి, సగం గింజలుగా. ఆ రసం సలసలా మరుగుతుంటే పెద్దకుండలో ఒక వరస రొట్టె ముక్కలు, ఒక వరస కూర, మళ్ళీ రొట్టె. అన్ని ఇళ్ళ రొట్టెలూ కలిసిపోయాయి. ముక్కలు రసం పీలుస్తుంటే సన్నగా చప్పుడు వినిపించింది. డెల్ఫీనా చెవి పెట్టి వింది. ఎండు రొట్టె తాగినట్టు కొత్తరొట్టె తాగదని అప్పుడర్థమైంది ఆమెకి. కుండ మీద గుడ్డ కప్పి పడుకుందిగాని నిద్రెక్కడ?

ఆదివారం ప్రార్థన అయ్యాక కుండ గానుగలోకి చేరింది. సన్నమంట మీద మళ్ళీ మరిగింది, అడుగున మాడీ మాడనట్టు ఎర్రగా అంటుకుంది. గరిట నిలబెడితే నిలబడింది. బాల్దో ఆఖరి నూనె కూజాలోకి వంచాడు, ఆకుపచ్చగా, గొంతు గీరుకునేంత కారంగా. జెలిండాని కుర్చీలో కూర్చోబెట్టి ఒరెస్తె, బాల్దో మోసుకొచ్చారు. వంట పెట్టిన ఇంటి పెద్దావిడ మొదటి ముద్ద తిన్నాకే మిగతావాళ్ళు చెంచా ముంచాలి. పల్లెంతా చేతుల్లో గిన్నెలతో నిలబడి చూస్తోంది. ఆర్జియా తలుపు దగ్గర, వెళ్ళిపోవడానికి వీలుగా నిలబడింది.

జెలిండా ఒక చెంచా తింది. నమిలింది.

"ఇది మన రొట్టె కాదు."

డెల్ఫీనా మొలకున్న తాళంచెవిని గట్టిగా పట్టుకుంది. "కాదత్తయ్యా."

రెండో చెంచా. "ఈ మాడు వాసన అస్సుంతా పొయ్యిది. ఈ తవుడు రోజీనాది, ఎన్నిసార్లు చెప్పినా జల్లించదు." గానుగలో నవ్వు రేగింది. రోజీనా గొణిగింది. జెలిండా మూడో చెంచా నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. గడ్డం వణికింది. ఆమె ఏడుస్తుంటే అప్పటిదాకా ఎవరూ చూడలేదు, మొగుడు పోయినప్పుడు కూడా.

"మా అమ్మ," అంది మెల్లగా. తర్వాత కోడలి వంక చూసింది. "ఇదెవరిచ్చారు?"

డెల్ఫీనా పెదవి విప్పలేదు. మాటిచ్చింది మరి. ఆ మౌనానికి తాళంచెవి పోతే పోనీ అనుకుంది. అనుకోగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేనిచ్చా," అంది తలుపు దగ్గర్నుంచి ఆర్జియా.

"నిన్నెవరడిగారు?"

"నీ కోడలు, ఊరందర్నీ అడిగింది, నేనిచ్చా. నువ్వు ఎప్పుడూ అడగలేదుగా. ఇన్నేళ్ళూ వారం వారం పిండి కలిపేటప్పుడు నీకోసం ఓ ముద్ద పక్కన పెడుతున్నా. సాయంత్రం దాకా చూసి, పారెయ్యలేక మళ్ళీ అందులోనే కలిపేస్తున్నా."

"దారి దాటి తెచ్చిస్తే కాళ్ళరిగిపోయేవా?"

"అరిగిపోయేవి. నీకైతే?"

జెలిండా గిన్నెలోకి చూసింది. విరిగిన కాలు చూసుకుంది. "నేనిప్పుడు నడవలేను," అంది. "ఉందా ఇంకా?"

"ఏది?"

"అదేనే."

"అదేనంటే?"

"అమ్మ పులిముద్ద. నాచేత అనిపిస్తేగాని నిద్ర పట్టదు నీకు." ఆ మాట అంటూ పక్కనున్న బల్ల మీద చేత్తో తట్టింది. ఆర్జియా తలుపు వదిలి వచ్చి అక్క పక్కన కూర్చుంది. డెల్ఫీనా గిన్నె నింపి ఆమె చేతికిచ్చి, నూనె ధార కట్టింది.

ఆ తర్వాత గిన్నెల మీద పడ్డారు జనం. మాదిదీ, కాదు మాదిదీ అని ఒక్కో ముక్కకీ వాదులాట. బాల్దో ముందు రెండు గిన్నెలు తిని, అడుగున అంటుకున్నది నాకంటే నాకని ఒరెస్తెతో కలబడ్డాడు. కుండ ఖాళీ అయింది. డెల్ఫీనా దాన్ని రెండు చేతుల్తో ఎత్తి అత్తగారి ముందు వంచి అడుగు చూపించింది. కుండని కాదు, ప్రపంచాన్నే ఎత్తినట్టుంది ఆమె ముఖం.

జెలిండా కుండలోకి చూడను కూడా చూడలేదు. "నాకెందుకు చూపిస్తావు? తాళంచెవి నీ మొలకే ఉందిగా," అంది, చెల్లెలి గిన్నెలోంచి ఓ ముక్క తీసుకుంటూ.

ఆ తర్వాతి శుక్రవారం సెరఫీనో స్వామి గాడిదతో మళ్ళీ వచ్చాడు. డెల్ఫీనా పెట్టె మూత ఎత్తిందో లేదో పైన కర్ర టకటకలాడింది.

"ఒసేయ్, ఆ సన్నాసికి కొత్తవియ్యవే. పాతవాటి జోలికెళ్ళకు."

డెల్ఫీనా చేతిలో అప్పటికే కొత్తరొట్టె ఉంది. ఆర్జియా తెచ్చిచ్చిన అమ్మ ముద్దతో పులిసిన పిండితో కాల్చింది.